చేతిలో అక్షింతలు పట్టుకుని ఎన్నాళ్లు వింటాం?

కిందటేడు ఒక సాహిత్య సదస్సులో నా వంతు వచ్చినప్పుడు, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథని ముందు పూర్తిగా చదివి వినిపిస్తాననీ, ఆ తర్వాత దాని గురించి మాట్లాడతాననీ అన్నాను. నాకిచ్చిన సమయంలో సగానికి పైగా కథకే పోతుంది. పోయినా ఫర్వాలేదనుకున్నాను. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన నవ్వి, "కథ చదివినట్టే భావిద్దామమ్మా, ఇక్కడున్నవాళ్లెవరూ చిన్నపిల్లలు కాదు కదా" అన్నారు. సభ కూడా నవ్వింది. నవ్విన వాళ్లలో నా స్నేహితురాళ్లూ ఉన్నారు. నేను కథ పక్కన పెట్టి పత్రం చదివాను. టీ విరామంలో నలుగురు నా దగ్గరికొచ్చి "ఆ కథ జిరాక్స్ ఉందా, ఎప్పుడూ చదవలేదు" అని గొంతు తగ్గించి అడిగారు. ఆ నలుగురూ తెలుగు శాఖల్లో పాఠాలు చెప్పేవాళ్లే.

'చదివినట్టే భావిద్దాం' అన్న మాట నన్ను వదల్లేదు. తెలుగులో మొదటి కథ గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటా', అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశా' అని మనం ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం. ఆ కొట్లాట అవసరమే. స్త్రీల రచనల్ని చరిత్ర నుంచి తుడిచేసిన తీరుని బయటపెట్టాం. కానీ ఆ కథని మనం ఎంతమందికి చదివి వినిపించాం? అది పండుగ కథ. ధనత్రయోదశి పూట, దీపావళి ముందు, డబ్బు మీద ఆశ పుట్టే రోజున నడిచే కథ. అచ్చమాంబ దాన్ని ఆశ్వయుజ మాసంలో కూర్చోబెట్టింది. మనం దాన్ని సిలబస్‌లో, అదీ మూడో యూనిట్‌లో, కూర్చోబెట్టాం.

ఇంతకీ పెద్దవాళ్లకి కథ చదివి వినిపించడం చిన్నతనమా? ఆ రోజు నవ్విన సభలో సగం మంది భాద్రపద శుద్ధ చవితి నాడు ఏం చేస్తారో నాకు తెలుసు. స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని, వినాయకుడి ముందు కూర్చుని, చేతిలో అక్షింతలు పట్టుకుని అరగంట సేపు కథ వింటారు. డాక్టర్లు, ప్రొఫెసర్లు, రిటైరైన జడ్జీలు, అందరూ వింటారు. వినకపోతే నీలాపనిందలు వస్తాయని భయం. అక్కడ ఎవరూ 'చదివినట్టే భావిద్దాం' అనరు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రత కథ, మంగళగౌరి కథ. కార్తీకంలో రోజుకో అధ్యాయం చొప్పున ముప్ఫై రోజులు కార్తీక పురాణం, పౌర్ణమికి సత్యనారాయణ కథ. సంక్రాంతికి మా ఐనవోలు మల్లన్న దగ్గర ఒగ్గుకథ. పంటలు ఇంటికొచ్చాక చేర్యాల నకాషీ పటం మీద బొమ్మలు చూపిస్తూ పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకి జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు. మన నేల మీద పెద్దవాళ్లు ఏడాది పొడుగునా కథలు వింటూనే ఉన్నారు. అందుకని పెద్దవాళ్లకి కథ చదవొచ్చా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎవరు చదువుతారు, ఏ కథని ఎవరు ఎంచుతారు, మధ్యలో ఆపి అడిగే హక్కు ఎవరికుంది, అసలు వినే వరసలో ఎవరిని కూర్చోనిస్తారు? ఇవీ ప్రశ్నలు.

నా పిహెచ్.డి. వ్రత కథల మీద. ఐదేళ్లు వాటితోనే బతికాను కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఆ కథలు చెప్పే వరస చూడండి. సూతుడు శౌనకాది మునులకి చెబుతాడు. లోపల శివుడు పార్వతికి చెబుతాడు. బయట పురోహితుడు మనకి చెబుతాడు. పార్వతి పని అడగడం, మన పని వినడం. వరలక్ష్మీ కథలో చారుమతికి అమ్మవారు కలలో కనబడింది ఎందుకు? భర్తనీ అత్తమామల్నీ సేవించింది కాబట్టి, తక్కువ మాట్లాడింది కాబట్టి. తక్కువ మాట్లాడడం గొప్ప గుణమని చెప్పే కథని మనం ఏటా మాట్లాడకుండా వింటాం. సత్యనారాయణ కథలో కళావతి చేసిన నేరమేమిటి? చాలాకాలానికి భర్త తిరిగొచ్చాడన్న సంబరంలో ప్రసాదం తీసుకోకుండా రేవుకి పరుగెత్తింది. అంతే, భర్తతో సహా పడవ మాయమైంది. ఆడదాని సంతోషానికి కూడా ముందు అనుమతి కావాలన్నమాట.

అన్నిటికన్నా వినాయక చవితి కథ. శమంతకమణి భాగం అందరికీ గుర్తుంటుంది. దానికి ముందొచ్చే సప్తర్షుల భార్యల సంగతి ఎంతమందికి గుర్తుంది? అగ్నిదేవుడు ఋషిపత్నుల మీద మోహపడ్డాడు. అతని భార్య స్వాహాదేవి, అరుంధతి రూపం తప్ప మిగతా ఋషిపత్నుల రూపాలు తనే ధరించి అతన్ని చేరింది. ఋషులు చూసి, తమ భార్యలే అనుకుని వాళ్లని వదిలేశారు. కోరింది అగ్ని, వేషం వేసింది స్వాహా, అనుమానించింది మొగుళ్లు, వీధిన పడింది ఏమీ ఎరగని ఆడవాళ్లు. కథ ఎవరిని తప్పు పడుతుంది? చంద్రుణ్ణి! ఆ ఆడవాళ్లు చవితి చంద్రుణ్ణి చూశారట, అందుకని నింద పడిందట. అనుమానించిన మొగుళ్లని కథ ఒక్క మాట అనదు. చివరికి కృష్ణుడి మీది నింద తొలగినప్పుడు ఆయనకి జాంబవతీ సత్యభామా దక్కారు. ఋషిపత్నుల మీది నింద తొలగినప్పుడు వాళ్లకి దక్కింది ఏమిటి? మళ్లీ ఆ మొగుళ్లే.

ఇది నేను కనిపెట్టిన రహస్యం కాదు. కథలోనే ఉంది. ఏటా కొన్ని కోట్లమంది చెవిన పడుతుంది. పడినా వినబడదు, ఎందుకంటే అక్షింతలు పట్టుకున్న చెయ్యి పైకి లేవదు. కథ అయ్యేదాకా కదలకూడదు, మధ్యలో లేస్తే పాపం. ప్రశ్న అడిగే సందు లేకుండా కట్టిన వినికిడి అది.

"అవన్నీ పితృస్వామ్య భావజాలపు చెత్త, వదిలెయ్యక ఇంకా పట్టుకుని వేలాడతావెందుకు" అని నా స్త్రీవాద మిత్రులు అంటారు. నేనూ వదిలేశాను. నా తరం చదువుకున్న ఆడవాళ్లు చాలామంది వదిలేశాం. అయితే ఏమైంది? మనం వదిలేసిన చోట కథ ఆగిపోలేదు. పురోహితుడు ఉన్నాడు, ఆయన లేకపోతే క్యాసెట్ వచ్చింది, తర్వాత సీడీ, ఇప్పుడు యూట్యూబ్. కొంగు సర్దుకుని ఫోను ముందు కూర్చుని ఎవరిదో మగగొంతు 'అక్షింతలు తలమీద వేసుకోండి' అంటే వేసుకుంటున్నారు. మనం ఖాళీ చేసిన పీట మీద లౌడ్‌స్పీకర్ కూర్చుంది. బతుకమ్మకి కూడా అంతే జరిగింది. 2014లో రాష్ట్ర పండుగ అయ్యింది, సంతోషమే. కానీ ఒకామె పాడితే మిగతావాళ్లంతా అందుకునే పాట అది, అక్కడ ఉత్త శ్రోత అంటూ ఎవరూ లేరు. ఇప్పుడు సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండలో ఎటుపోయినా సౌండ్ బాక్సులే. వాటి హోరులో పక్కనున్న ఆమె గొంతు పక్కనున్న ఆమెకే వినబడదు. తొమ్మిది రోజుల్లో ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది కదా, నైవేద్యం పెట్టరు కదా, ఎందుకు అలిగిందో చెప్పే తీరిక డీజేకి ఎక్కడిది?

నేను ఇంకో వినికిడి కూడా ఎరుగుదును. అందుకే ఈ కోపం.

మాది వరంగల్ కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇండ్లు. మా అమ్మకి చదువు రాదు. మధ్యాహ్నం పూట మా వాకిట్లో ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని కండెలు చుట్టేవారు. మా పక్కింటి వదిన ఒకామె ఏడో తరగతి చదివింది, ఆమె వారపత్రికలో సీరియల్ పైకి చదివేది. ఆమె కాన్పుకి పోయినప్పుడు ఆ పని నాకొచ్చింది. అప్పుడు నాకు పదేళ్లు, 1998. నా జీవితంలో మొదటి సభ అదే. ఆ సభలో ఎవరి చేతిలోనూ అక్షింతలు లేవు, నూలు ఉంది. చేతులు ఆగేవి కావు, నోళ్లు అంతకన్నా ఆగేవి కావు. "ఆగు బిడ్డా, గామాట మల్ల సదువు" అనేవారు. "గంత పెద్ద బంగ్లల ఉండి ఏడ్సుడేంది, సీదా మీ అమ్మగారింటికి పో" అని హీరోయిన్‌ని తిట్టేవారు. కథలో మగవాడు చెంపమీద కొట్టి తర్వాత ప్రేమ ఒలకబోస్తే, "గిది రాసినామెకు దెబ్బ తగలలే ఎన్నడు" అంది మా అమ్మ ఒకసారి. ఆ ఒక్క వాక్యం కన్నా మంచి విమర్శ నేను ఎమ్మే రెండేళ్లలో వినలేదు. సీరియల్ ఎంత నాసిరకమైనా, వినేవాళ్లు దాన్ని వారం వారం దిద్దుకుంటూ విన్నారు.

ఇది మా వాకిట్లోనే పుట్టిన వింత కాదు. క్యూబాలో చుట్టల కర్మాగారాల్లో 1865 నుంచి పని జరుగుతుండగా ఒకరు పీఠమెక్కి పైకి చదివే ఆచారం ఉంది. చదివే మనిషికి జీతం మొదట్లో కార్మికులే తలా కొంచెం వేసుకుని ఇచ్చేవారు, ఏ పుస్తకం చదవాలో వాళ్లే నిర్ణయించేవారు. ఇవాళ అక్కడ చదివేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కనబడతారు. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో తన క్రిస్మస్ కథని పెద్దల సభకి చదివి వినిపించాడు. కార్మికుల కోసం తక్కువ టిక్కెట్టుతో ఒక రోజు విడిగా పెట్టమని తనే అడిగాడు. మన గ్రంథాలయోద్యమం మాత్రం? హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో పుట్టింది. చదువొచ్చినవాళ్లు రానివాళ్లకి పత్రికలు చదివి వినిపించడం ఆ ఉద్యమంలో భాగం. పైకి చదవడం ఉద్యమమని మన తాతలకి తెలుసు. మనమే మరిచిపోయి, నిశ్శబ్దంగా కళ్లతో చదివేదే అసలు చదువనీ, చెవితో వినేది తక్కువరకం అనీ నమ్మాం. తెలంగాణలో ఇప్పటికీ చదవడం రాని ఆడవాళ్లు, వచ్చినా పుస్తకం తెరిచే తీరిక లేని ఆడవాళ్లు ఎంతమంది! వాళ్ల గురించి రాస్తాం, వాళ్లకి చదవం.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి పోయి, కూర్చుని, విని, రాశారు. మన తరానికి దారి చూపిన పుస్తకం. ఆ తర్వాత మనందరం వినడం నేర్చుకున్నాం, టేపు రికార్డర్లు పట్టుకుని ఊళ్లకి పోయాం, నేనూ పోయాను. వాళ్ల గొంతు తెచ్చుకున్నాం. పుస్తకాలయ్యాయి, డిగ్రీలయ్యాయి, ఉద్యోగాలయ్యాయి. తిరిగి పోయి చదివి వినిపించినవాళ్లం ఎంతమందిమి? నా సిద్ధాంత గ్రంథం కోసం కథలు చెప్పిన ముగ్గురు ముసలమ్మల్లో ఇద్దరు పోయారు. వాళ్లకి నేను ఒక్క పేజీ చదవలేదు. ఈ తప్పు నాది, దీన్ని ఏ పితృస్వామ్యం మీదకీ తోయలేను.

ఇక మా అమ్మ సంగతి. 2011లో నాన్న పోయాడు. ఆ వచ్చిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి మా వాడలో ఒక ఇంటివాళ్లు నన్ను పిలిచారు. అమ్మని పిలవలేదు. అమ్మ ముప్ఫై ఏళ్లుగా ఆ కథ విని విని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలదు. అయినా ఆమె గోడకి ఇవతల కూర్చుని, అవతల నుంచి వచ్చే క్యాసెట్ గొంతుని వింది. నేను పోనన్నాను. "పో బిడ్డా, నీకేమైంది" అంది. ఆ సాయంత్రం నేను పుస్తకం తీసి, "నీకు నేను సదువుతనే" అన్నాను. అమ్మ వద్దంది. "గా కత నాది గాదిగ" అంది. మొగుడు చస్తే కథ కూడా ఆమెది కాకుండా పోయింది! ఆస్తి హక్కు గురించి మనం మాట్లాడాం. వినే హక్కు గురించి ఎప్పుడు మాట్లాడాం?

అప్పుడే నిర్ణయించుకుని ఉంటే బాగుండేది. మొదలుపెట్టడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. 2019 ధనత్రయోదశి నాడు, పూజ వేళకి ముందు, అమ్మనీ ఆమెతో కండెలు చుట్టేవాళ్లనీ కూర్చోబెట్టి అచ్చమాంబ కథ చదివాను. నూట పదిహేడేళ్ల కిందటి భాష. రెండు మూడు చోట్ల ఆగి విడమర్చాల్సి వచ్చింది. కథ మీకు తెలిసిందే, పండుగ పూట యజమాని సొమ్ము మీద ఆశపడిన భర్తని భార్య మందలించి మంచిదారికి తెస్తుంది. నేను గర్వంగా పుస్తకం మూసి, "ఇది మన ఆడామె రాసిన మొదటి కత" అన్నాను. ఒకామె కండె తిప్పుతూనే, "మంచిగనే ఉన్నది గని, మొగడు దొంగతనం జేస్తె సక్కజేసుడు గూడ మన పనేనా?" అంది. ఇంకొకామె, "ఆమె గూడ ఆ పైసలు దాసుకుంటె కత ఎట్లుంటుండె" అంది. గంటసేపు నవ్వులు, వాదాలు. స్త్రీని ఇంటి నీతికి కాపలాదారుగా నిలబెట్టిన సంస్కరణవాద ఆదర్శం గురించి నేను పత్రంలో ఆరు పేజీలు రాశాను. ఆమె ఒక్క ప్రశ్నతో తేల్చేసింది. అచ్చమాంబ ఉండి ఉంటే ఆ వాకిట్లో కూర్చుని ఆమెతో వాదించేదని నాకు గట్టి నమ్మకం.

అప్పటి నుంచి కరోనా ఏళ్లు పోను, ఋతువుకో పూట చదువుతున్నాం. శ్రావణంలో కూడా చదువుతాం. మా పద్ధతులు చాలా తక్కువ. అరగంట దాటని కథ. పని ఆపనక్కర్లేదు. ఎవరైనా ఎక్కడైనా ఆపొచ్చు. వింటే పుణ్యం లేదు, వినకపోతే పాపం లేదు. భర్త ఉన్నాడా లేడా, నెలసరి వచ్చిందా రాలేదా అని ఎవరూ అడగరు. వినాయక చవితి మర్నాడు చవితి కథే చదివాం, ఋషిపత్నుల దగ్గర ఆపుకుంటూ. "ఆ మొగళ్ల మీద పంచాయితి పెట్టకపోయిండ్రు" అన్నారు. వ్రత కథల్ని చదవడం పితృస్వామ్యానికి హారతి పట్టడమే అనే మిత్రులు ఆ పూట వచ్చి వినాల్సింది.

ఇదంతా సజావుగా సాగిందని చెప్పను. మా వాకిట్లోకి మొదట వచ్చింది మా కులం వాళ్లే. బతుకమ్మ ఆటలో వాడలు వేరువేరుగా ఆడిన చరిత్ర గురించి దళిత రచయిత్రులు ఎప్పుడో నిలదీశారు. అదే ప్రశ్న మా కథల పూటకీ వర్తిస్తుందని రెండో ఏడు గాని నాకు తట్టలేదు. తట్టాక వాకిలి మార్చాం. ఇప్పుడు ఒక్కోసారి ఒక్కో వాడలో, అక్కడివాళ్లు ఎంచిన కథ, అక్కడి గొంతుతో. పీర్ల పండుగ నెలలో ఒక ముస్లిం చిన్నమ్మ ఉర్దూ కథని అప్పటికప్పుడు తెలుగు చేసి చెప్పింది. ఆ రోజు చదవడం నా పని కాదు, కండెలు చుట్టడం నా పని. చేతకాక నూలు చిక్కుపెట్టి తిట్లు తిన్నాను.

అందుకని ఈ పత్రిక చదివే రచయిత్రుల్ని, అధ్యాపకురాళ్లని నిలదీసి అడుగుతున్నాను. మన కథలు ఉగాది సంచికల్లో, దీపావళి ప్రత్యేక సంచికల్లో అచ్చవుతాయి. పండుగ కోసం రాస్తాం, పండుగ నాడు ఎవరికీ చదవం. ఆవిష్కరణ సభల్లో పుస్తకం గురించి ఆరుగురు మాట్లాడతారు, పుస్తకంలోంచి ఒక్కరూ ఒక్క పేజీ చదవరు. సదస్సుల్లో 'చదివినట్టే భావిస్తాం'. సమయం లేదంటారు. శాలువాలు కప్పడానికి ఉన్న సమయం కథకి లేదా? పెద్దవాళ్లకి చదవడం నామోషీ అంటారు. పురోహితుడికి లేని నామోషీ మనకెందుకు? వాళ్లకి మన కథలు అర్థం కావంటారు. అర్థం కాకపోతే చెబుతారు, మొహం మీదే చెబుతారు. మనకి భయం అదేనేమో. సమీక్షకులకి తట్టుకోగలం, కండె తిప్పుతూ వినే ఆమె "గిది రాసినామెకు దెబ్బ తగలలే" అంటే తట్టుకోలేం.

మొన్నటి శ్రావణ శుక్రవారం పక్కింట్లో ఎప్పట్లాగే యూట్యూబ్‌లో చారుమతి కథ మోగుతోంది. మా వాకిట్లో పదకొండు మందిమి. చదివే వంతు అనుకున్న అమ్మాయి రాలేదు. అమ్మ పుస్తకం లేకుండానే చారుమతి కథ అందుకుంది. పద్నాలుగేళ్ల తర్వాత ఆమె నోట ఆ కథ వినడం. అమ్మవారు కలలో కనబడినట్టు చారుమతి ఇంట్లోవాళ్లకి చెప్పే చోటికి వచ్చి ఆగింది. "గీడ నాకెప్పుడు ఒక అనుమానం" అంటూ మొదలుపెట్టింది. "అమ్మోరు ఇంటామెకు కలలకొచ్చి చెప్పినంక, మల్ల మొగన్ని, అత్తమామల్ని అడుగుడెందుకు?" కథ ఆ రోజు ముందుకి సాగలేదు. ఆ ప్రశ్న దగ్గరే దీపాల వేళయింది.

వచ్చే ధనత్రయోదశికి మీ వాడలో మీరేం చదువుతున్నారు?